తొమ్మిది బోర్డుల డబ్బా

పరదేశికి ఉన్నది ఒక్కటే జబ్బు. ఏ వస్తువునీ పనికిరాదు అననివ్వడు.

అతను ఉండేది రాయ్‌పూర్‌ డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో, అంటే గూడ్సు పెట్టెలు బాగుచేసే రైల్వే వర్క్‌షాపు వాళ్ళ కాలనీలో. దేశమంతా తిరిగి తిరిగి నడుం విరిగిన పెట్టెలు అక్కడికి వస్తాయి. బాగయ్యేవి బాగై వెళ్ళిపోతాయి. బాగుకానివాటిని పక్క పట్టాల మీదికి నెట్టి ‘కండెమ్’ అంటారు. ఆ మాట షాపులో పుట్టి ఇళ్ళలోకి పాకింది. చిరిగిన చాప కండెమ్, పాడైన రేడియో కండెమ్, మూలనపడ్డ ముసలాయన కండెమ్. ఫిట్టరు పరదేశి మాత్రం ముప్పై ఏళ్ళ సర్వీసులో ఆ మాట ఒక్కసారి కూడా అనలేదు. ఎవరైనా అంటే చేతిలో ఉన్న పని ఆపి మరీ వచ్చి, "బేకార్ అనకండ్రా. ఇంకా సర్వీసున్నాది దీనికి" అనేవాడు.

అతని ఇంట్లో తెగిపోయిన చెప్పు తలుపుకి కీలైంది. చిల్లుపడ్డ గంగాళం కోడిపిల్లల మీద బోర్లించే గూడైంది. బట్ట పోయిన గొడుగు చిక్కుడుపాదుకి పందిరైంది. సీటు ఊడిపోయిన సైకిలుకి తలగడ కట్టుకుని, వానాకాలం నాలుగు నెలలూ తడి తలగడ మీదే డ్యూటీకి వెళ్ళేవాడు. "పెళ్ళైన కాడ్నించి మా ఇంట్లో పారీసిన సామాను ఒక్కటీ నేదు. నన్నూ అందుకే ఉంచినాడేమో" అని అతని భార్య పైడమ్మ కుళాయి దగ్గర చెప్పుకునేది. నవ్వకుండా చెప్పేది కాబట్టి అది బాధో వేళాకోళమో ఎవరికీ తేలేది కాదు.

ఈ జబ్బుకి అందరికన్నా ఎక్కువ బలైనవాడు పక్క క్వార్టరు భీమారావు. భీమారావు భార్య గంగాభవానిదీ పరదేశిదీ చీపురుపల్లి దగ్గర ఒకటే ఊరు. ఆ ఊరి వరసన ఆమెకి అతను అన్నయ్య, భీమారావుకి బావ. పొరుగువాడైతే తలుపేసుకోవచ్చు గాని, బావకి తలుపేసేదెలా?

భీమారావు షాపులో అక్షరాలు రాసేవాడు. బాగైన ప్రతి పెట్టె మీదా దాని నంబరు, బరువు, మళ్ళీ రిపేరుకి రావలసిన తేదీ తెల్లరంగుతో రాయాలి. మిగతా వాళ్ళు రేకు అచ్చు ఆనించి రంగు రుద్దేవాళ్ళు. భీమారావు అచ్చు ముట్టేవాడు కాదు, కుంచెతోనే రాసేవాడు. విజయనగరం యార్డులో పనిచేసే అతని బావమరిది, ఎదురుగా పోయే గూడ్సుబండి మీద ఎనిమిది అంకె పొట్ట చూసి, ఇది మా బావ రాసిన పెట్టె అని పక్కవాళ్ళకి చూపించేవాడట. తన చేతిరాత తనకన్నా ఎక్కువ ఊళ్ళు తిరిగిందని భీమారావుకి లోలోపల గర్వం. పైకి ఎప్పుడూ అనలేదు.

తొంభై రెండు ఎండాకాలంలో, రాస్తూ ఉండగా, పెట్టె ఇనుప తలుపు జారి అతని కుడిచేతి మీద పడింది. మూడు వేళ్ళు పోయాయి. గాయం మానాక, పాత పనికి ఇతను పనికిరాడని కాగితం వచ్చింది. కావాలంటే ఆఫీసులో ఫైళ్ళు మోసే పని ఉందన్నారు. భీమారావు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి సర్వీసు వదులుకున్నాడు. నలభై రెండేళ్ళ మనిషి, వసారాలో నులకమంచం వాల్చుకుని, కుడిచేతికి తువ్వాలు చుట్టుకుని కూర్చున్నాడు. కూర్చున్నవాడు ఏడాది దాకా లేవలేదు.

పెడితే తిన్నాడు, పెట్టకపోతే అడగలేదు. గంగాభవాని జాకెట్లు కుట్టి ఇల్లు గడిపేది. లోపల మిషను చప్పుడు వినిపిస్తే అతనికి సిగ్గు, ఆగిపోతే భయం. ఒకరోజు గూట్లో ఉండవలసిన ఎలుకలమందు పొట్లం కనిపించలేదు. ఆమె దాన్ని తీసుకెళ్ళి పైడమ్మ చేతిలో పెట్టి వచ్చిందని అతనికి తెలిసిపోయింది. ఎక్కడని అడగలేదు. అడగనందుకు ఆమెకి ఇంకా భయం వేసింది.

అతని మంచానికి సూటిగా, రోడ్డుకి అవతల, టెలిఫోన్ డబ్బా ఒకటి ఉండేది. ఒకప్పుడు అందులో రూపాయి బిళ్ళ వేసి ఊళ్ళకి మాట్లాడుకునేవాళ్ళు. గుఢియారీ బజారు నిండా ఎస్టీడీ దుకాణాలు వచ్చాక దాని మొహం చూసిన వాళ్ళు లేరు. ఫోను ఆఫీసు మనుషులు వచ్చి లోపలి యంత్రం విప్పుకుపోయి, డబ్బాని అలాగే వదిలేశారు. ఇనుప చట్రం, కర్ర తలుపు, పగిలిన అద్దం, లోపల ఒక్క మనిషి నిలబడేంత చోటు. భీమారావు పొద్దుట నుంచి పొద్దుగూకే దాకా దాన్నే చూస్తూ ఉండేవాడు. తనకీ దానికీ పెద్ద తేడా ఉన్నట్టు అతనికి తోచేది కాదు.

పొట్లం ఇల్లు మారిన వారానికి పరదేశి వచ్చి మంచం పట్టె మీద కూర్చున్నాడు. డబ్బా వైపు చాలాసేపు చూశాడు.

"అదలాగుండిపోతే ఎలా బావా. గొడుగుల డిపో పెడదాం. వానొస్తే అట్టుకెల్తారు, వాన తగ్గేక తెచ్చి పెట్టేస్తారు. బోర్డు నువ్వు రాయాల" అన్నాడు.

భీమారావు తువ్వాలు చుట్టిన చెయ్యి పైకెత్తి చూపించాడు.

"రెండోది ఉన్నాది కదా" అన్నాడు పరదేశి, ఎవరో చెంచా పోయిందంటే గరిటె ఉంది కదా అన్నంత తేలిగ్గా.

భీమారావు గోడవైపు తిరిగి పడుకున్నాడు. చేతిలో ఏదైనా ఉండి ఉంటే ఆ పూట బావ నెత్తి పగిలేదే.

సరేలెమ్మని పరదేశి తనే రాశాడు. గడ్డం గీసుకునే బ్రష్షు తారులో ముంచి, డబ్బా తలుపు మీద ‘గొడుగుల డిపో’ అని తెలుగులో, కింద అదే హిందీలో రాశాడు. మొదటి అక్షరం గుమ్మడికాయంత. తరవాతది నిమ్మకాయంత. చివరి అక్షరానికి చోటు చాలక అది కీలు మీదికెక్కింది. తారు కారి ప్రతి అక్షరానికీ ఒక గడ్డం దిగింది. రాసినాయన దూరంగా నిలబడి చూసుకుని, బాగానే కుదిరిందని తలూపుకుని డ్యూటీకి వెళ్ళిపోయాడు.

భీమారావుకి అక్కడినుంచి నరకం మొదలైంది. కళ్ళు తెరిస్తే ఎదురుగా ఆ అక్షరాలు. అటు తిరిగితే గోడ. గోడ మీద కూడా ఆ అక్షరాలే కనిపించసాగాయి. ఇరవై ఏళ్ళు గీత చెదరకుండా రాసిన మనిషి, మూడు రోజులు పళ్ళు నూరుకుంటూ భరించాడు. నాలుగో రోజు మధ్యాహ్నం, కాలనీ అంతా కునుకు తీస్తున్న వేళ, కిరసనాయిలు గుడ్డా రంగు డబ్బా పట్టుకుని రోడ్డు దాటాడు. ఏడాదిలో అతను రోడ్డు దాటడం అదే మొదలు. తారు తుడిచి ఎడమచేత్తో మొదటి అక్షరం రాశాడు. వంకర పోయింది. తుడిచి మళ్ళీ రాశాడు. చీకటి పడేసరికి రెండు మాటలూ అయ్యాయి గాని, నడక నేర్చుకునే పిల్లల వరసలా ఉన్నాయి. ఇంటికొచ్చి గోడకి ఆనుకుని ఏడ్చాడు. ఏడ్చి, చాలా రోజుల తరవాత మొదటిసారి, అన్నం పెట్టమని తనే అడిగాడు.

మొదటి వానకి డిపోలోని ఏడు గొడుగులూ వెళ్ళిపోయాయి. తిరిగొచ్చింది ఒక్కటే. అదీ ఆ ఏడింటిలోది కాదు. పరదేశికి చీమ కుట్టినట్టయినా లేదు. ఇది గొడుగులకి పుట్టిన డబ్బా కాదనీ, ఇందులో కాటా పెడదామనీ, బోర్డు మార్చాలనీ అన్నాడు. మొన్ననే కదా రాశానని భీమారావు విసుక్కున్నాడు. విసుక్కుంటూనే కుంచె కడిగాడు.

కాటా పెట్టిన రోజున మిఠాయిల అప్పలనరసమ్మ సరదాపడి లోపలికెళ్ళింది. ఆ తలుపు లోపలికి తెరుచుకునే రకం. ఆమె నిలబడ్డాక తలుపుకి చోటు లేదు, తలుపు తెరిస్తే గాని ఆమెకి దారి లేదు. ఆమె లోపలినుంచి దేవుళ్ళని పిలుస్తుంటే పరదేశి పగిలిన అద్దంలోంచి తొంగిచూసి, "కంగారు పడకప్పా, ముందు తూకం సూసుకో" అని సలహా ఇచ్చాడు. కీళ్ళు విప్పి ఆమెని బయటికి తీసేసరికి గంట పట్టింది. ఆ గంటలో సగం కాలనీ వచ్చి ఆమె తూకం తెలుసుకుని వెళ్ళింది. అప్పలనరసమ్మ రెండేళ్ళపాటు పరదేశికి జిలేబీ అమ్మలేదు.

మళ్ళీ బోర్డు మారింది. వెనక క్వార్టర్లలోని పార్వతమ్మ కోళ్ళకీ సూరమ్మ కోళ్ళకీ కలిపి డబ్బాలో హాస్టలు పెట్టాడు. పొద్దున్నే ఏ గుడ్డు ఎవరి కోడిదో తేల్చలేక ఇద్దరూ జుట్లు పట్టుకున్నారు. తరవాత మంగలి అచ్చయ్యని ఒప్పించి సెలూన్ పెట్టించాడు. బేరం లోపల స్టూలు మీద, అచ్చయ్య బయట. పగిలిన అద్దంలోంచి చెయ్యి పెట్టి కుడివైపు గీసి, డబ్బా చుట్టూ తిరిగొచ్చి తలుపు సందులోంచి ఎడమవైపు గీసేవాడు. మధ్యలో ఎవరైనా పలకరిస్తే ఆ మనిషి సగం గడ్డంతో అలాగే కూర్చునేవాడు. ఆ పైన రీడింగ్ రూమ్. విశాఖపట్నం నుంచి ఒకరోజు ఆలస్యంగా రైల్లో వచ్చే తెలుగు పేపరు అందులో ఉంచాడు. ఒక రిటైరైన గార్డు ఏడింటికి లోపల దూరి, పెళ్ళిప్రకటనలతో సహా చదివి పన్నెండింటికి బయటికొచ్చేవాడు. బయట క్యూలో ఉన్నవాళ్ళకి పాత వార్త ఇంకా పాతబడేది. ఆ తరవాత పోయిన తాళంచెవుల ఆఫీసు, దాని తరవాత పాత దీపావళి టపాకాయలు ఎండబెట్టే గది. ఆ ఆఖరిదాని జోలికి వెళ్ళకపోవడం మంచిది, అది ఒక్క మధ్యాహ్నమే నడిచింది.

ఇన్నిసార్లు మారినా రంగు ఆరేదాకా ఉన్న వ్యాపారం ఒక్కటి లేదు. ప్రతిసారీ భీమారావు తిట్టేవాడు. నీకు నిలకడ లేదు బావా, నీ మెదడుకి బ్రేకు లేదు బావా అని తిట్టేవాడు. తిట్టడానికైనా సరే, పొద్దున్నే మంచం దిగి రోడ్డు దాటేవాడు. రాను రాను చేతికి తువ్వాలు చుట్టుకోవడం మరచిపోయాడు. ఎడమచేతి గీత ముందు నిలబడింది, తరవాత నడిచింది. రంగు కలపడానికి కుడిచేతిలో మిగిలిన రెండు వేళ్ళూ సరిపోతాయని అతనికి అప్పుడే తెలిసింది.

మధ్యలో ఒకసారి ఫోను ఆఫీసు వాళ్ళు డబ్బాని తీసుకుపోవడానికి లారీ వేసుకొచ్చారు. పాత అలవాటు పోక భీమారావు డబ్బా అడుగున ఒక మూల, గూడ్సు పెట్టె మీద రాసినట్టే, నంబరూ బరువూ రిపేరు తేదీ రాసి ఉంచాడు. వాళ్ళు అది చూసి ఇది రైల్వేది కాబోలని అనుమానపడ్డారు. రైల్వే ఆఫీసుకి వెళ్తే, మా లెక్కలో ఇలాంటి చిన్న పెట్టె లేదు, రాసి పంపండి అన్నారు. వాళ్ళు వీళ్ళకీ వీళ్ళు వాళ్ళకీ రాసుకుంటూ పోయారు. ఆ కాగితాలు తిరిగినంతకాలం డబ్బా చోటు నుంచి కదల్లేదు.

ఎనిమిదోసారి పెట్టింది చలివేంద్రం. రాయ్‌పూర్ మే నెల ఎండ తెలిసినవాళ్ళకి దాని విలువ చెప్పక్కర్లేదు. డబ్బాలో నాలుగు మట్టికుండలు, చుట్టూ తడిగోనెలు, తలుపు మీద భీమారావు నీలిరంగులో రాసిన బోర్డు. షిఫ్టు దిగిన వాళ్ళూ, రిక్షావాళ్ళూ, బడిపిల్లలూ అందరూ ఆగి తాగి, పరదేశిని చల్లగా ఉండమని దీవించారు. అతని బతుకులో ఒక ఆలోచన పారడం అదే మొదటిసారి. పదిరోజులకి పరదేశి కుండలన్నీ మోసుకెళ్ళి వేపచెట్టు కింద పెట్టి, డబ్బా ఖాళీ చేశాడు.

ఈసారి భీమారావుకి నిజంగానే కోపం వచ్చింది. చెయ్యి పోయాక అతను రాసినవాటిలో అదే మంచి బోర్డు.

"నీకు పిచ్చా బావా? ఒక్కటి కుదిరిందనేసరికి మూసీసినావు."

"కుండలకి సెట్టు నీడే సల్లన. డబ్బా కాళీగున్నాది, పిల్లల పాత బడిపుస్తకాలు మార్సుకునే కొట్టు పెడదాం. బోర్డు రాయి" అన్నాడు పరదేశి.

తిట్టిన నోటితోనే భీమారావు తొమ్మిదోది రాశాడు. కోపంగా రాశాడు కాబట్టి చెయ్యి వణకలేదు. ఆ వారంలో గుఢియారీ నుంచి ఒక ఇనుపసామాన్ల సేఠ్ ఆ దారిన పోతూ ఆగి, ఇది రాసిందెవరని అడిగాడు. ఎడమచేత్తో రాశారంటే నమ్మక, తన ఎదుట ఒక అక్షరం రాయించుకుని చూశాడు. మర్నాడే భీమారావు సైకిలెక్కి గుఢియారీ వెళ్ళాడు. ఆ కొట్టు బోర్డు చూసి పక్క కొట్టు, దాన్ని చూసి లారీల వాళ్ళు, ఆ మీదట తెలీబంధా చెరువు దగ్గర కొత్త దుకాణాలు. పొద్దున్నే వెళ్ళి పొద్దుగూకాక, చొక్కా మీద నాలుగు రంగులతో ఇంటికొచ్చేవాడు. మిషను చప్పుడు వింటే అతనికిప్పుడు సిగ్గనిపించేది కాదు. గంగాభవాని చొక్కా మరకలకి గొణిగేది గాని, ఉతికేటప్పుడు ఆమె మొహం చూస్తే ఆ గొణుగుడు నమ్మబుద్ధయ్యేది కాదు.

అలా ఏడెనిమిది నెలలు గడిచాయి. డబ్బాకి పదో బోర్డు కావాలని పరదేశి రాలేదు. భీమారావు తన పనుల్లో పడి అది గమనించలేదు.

ఆఖరికి ఒక ఆదివారం ఫోను ఆఫీసు లారీ సరైన కాగితాలతో మళ్ళీ వచ్చింది. కాలనీ పిల్లా జెల్లా వసారాల్లోకి వచ్చి నిలబడ్డారు. పరదేశి లారీ కింద పడుకుంటాడని ఒకరు, డబ్బాలో దూరి తలుపేసుకుంటాడని ఇంకొకరు. పరదేశి ఇంట్లోంచి మోకు తెచ్చాడు. తనే డబ్బాకి కట్టాడు. తనే కూలీలతో పాటు భుజం ఆనించి లారీ మీదికి నెట్టాడు. చేతులు దులుపుకుని, "తీసుకుపోండి, బేకార్ డబ్బా" అన్నాడు.

 పైడమ్మ పరుగున వచ్చి మొగుడి నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. జ్వరం లేదు.

లారీ కదులుతుంటే భీమారావు కళ్ళు డబ్బా తలుపు మీద పడ్డాయి. మోకు ఒరుసుకుని రంగు పెచ్చులుగా లేచింది. ఒకదాని కింద ఒకటిగా తను రాసినవన్నీ బయటపడ్డాయి. అన్నిటికన్నా పైన చెయ్యి తిరిగిన రాత, కింద కుదురుకుంటున్న రాత, ఇంకా కింద, తారు మరక పక్కన, తాగినవాడిలా తూలుతున్న ఒక ‘గొ’. తొమ్మిది బోర్డులు. తొమ్మిదీ తను రాసినవే. ఆఖరిది తప్ప ఒక్కదాన్ని కూడా రంగు ఆరేదాకా ఉండనివ్వలేదు ఈ మనిషి. గొడుగులు రాలేదని గాని, కోళ్ళ కోసం కొట్టుకున్నారని గాని ఏ రోజూ బెంగపడలేదు. పొట్లం పోయిన వారం, ఇతను వచ్చి మంచం మీద కూర్చున్న పొద్దు, ఆ రెండూ ఒక్కసారిగా పక్కపక్కన వచ్చి నిలబడ్డాయి.  బావ మీద అంత కోపం, అంత ప్రేమ ఒకేసారి భీమారావుకి ఎప్పుడూ రాలేదు.

"అన్ని డబ్బాలుండగా ఆ డబ్బాయే ఎందుకు బావా?" అని అడిగాడు.

పరదేశి తల గోక్కున్నాడు.

"నీ మంచం కాడ్నించి మరేటీ అగుపించదు కదరా" అన్నాడు. అని, ఏదో అనకూడని మాట అనేసినట్టు, తలగడ సైకిలెక్కి బజారుకి పోయాడు.

అది జరిగి నెలైంది. ఒక సాయంత్రం భీమారావు తెలీబంధా నుంచి వస్తూ ఉంటే, కాలనీ చివర వెంకటస్వామి క్వార్టరు ముందు పరదేశి కనిపించాడు. అక్కడొక చేతిపంపు ఉంది. అది ఎండిపోయి పదేళ్ళయింది, అందులో నీళ్ళు రావని ఆ రోడ్డు మీద ఆవులకి కూడా తెలుసు. పరదేశి దాని చుట్టూ తిరుగుతూ, దాని మెడ నిమురుతూ, "బేకార్ కాదిది. ఇంకా సర్వీసున్నాది" అంటున్నాడు, ఎవరికో వినిపించేటట్టు గట్టిగా.

మునుపటి భీమారావైతే పంపు వైపు చూసి నవ్వుకుని పోయేవాడు. ఇప్పుడు సైకిలు దిగి, పంపుకి ఎదురుగా ఉన్న తలుపు వైపు చూశాడు. వెంకటస్వామి షాపులో పైపుల పని చేసి రిటైరైనవాడు. భార్య పోయి రెండు నెలలు. ఆ రోజునుంచి ఆ తలుపు తెరుచుకోవడం ఎవరూ చూడలేదు. వాకిట్లో పాలప్యాకెట్లు ఎండకి ఉబ్బి పడున్నాయి.

పరదేశి పంపు చెయ్యి పట్టుకుని కొట్టడం మొదలుపెట్టాడు. తుప్పుపట్టిన ఇనుము కీచుమంటూ అరిచింది. ఆపకుండా కొట్టాడు. చివరికి తలుపు జానెడు తెరుచుకుంది.

"బుద్ధుందేటిరా నీకు? వాషర్ లేని పంపుని కొడతారేటి?" అని లోపలినుంచి బొంగురుగొంతు వినిపించింది.

"వాషరో ఏటో నాకేటి తెలుసు. తెలిసినోడు తలుపేసుకుని కూకున్నాడు" అన్నాడు పరదేశి, కొట్టడం ఆపకుండానే.

భీమారావు సైకిలు గోడకి ఆనించి, తనూ అక్కడే నిలబడ్డాడు. తలుపు పూర్తిగా తెరుచుకుంది. గడ్డం మాసిన వెంకటస్వామి గడపలోకి వచ్చి, ఎండకి కళ్ళు చికిలించుకుని, పంపునీ పరదేశినీ పరదేశి తాతముత్తాతలనీ వరసగా తిట్టాడు. తిట్లయ్యాక ఇంకాసేపు పంపు వైపు చూశాడు. తరవాత విసుక్కుంటూ, రెంచి వెతకడానికి లోపలికి వెళ్ళాడు.